తేదీ లేని వరద

2022వ సంవత్సరము జూలై మాసమధ్యమున, ధవళేశ్వరముకడ గోదావరి 17.75 అడుగుల మూడవ ప్రమాద హెచ్చరికను దాటియు శమింపక, బ్యారేజీనుండి సముద్రమునకు విడువబడు నీరు 25 లక్షల క్యూసెక్కులను మించి పోవుచుండిన ఆ రాత్రులలో నొకనాడు, కోనసీమలోని యొక లంకగ్రామమున కాపురముండు మా అక్కయ్య పదకొండు గంటలవేళ నాకు ఫోను చేసినది.

"ఏరా తమ్ముడూ, మన ఆనకట్ట గేట్లు కొట్టుకుపోయాయంటగా? ఇక్కడ అందరూ మూటలు కట్టేస్తున్నారు."

"ఎవరన్నారక్కా?"

"ఒకరు అనడమేవిట్రా, ఫోన్లో ఫోటో వచ్చింది."

ఆ ఫోటోను నాకును పంపినది. చూచితిని. ఇరువైపుల నల్లని కొండలు, నడుమ ఆకాశమంటు కాంక్రీటు గోడ, దానినుండి జలపాతమువలె దుముకుచున్న తెల్లని నీరు! మా బ్యారేజీ నెఱిగిన పసిపిల్లవాడైనను అది మాది కాదని చెప్పగలడు. ధవళేశ్వరముకడ 70, ర్యాలికడ 43, మద్దూరుకడ 23, విజ్జేశ్వరముకడ 39, వెరసి 175 గేట్లతో, నడుమ లంకలచే వేరుపడిన నాలుగు పాయలపై మూడున్నర కిలోమీటర్లకు పైగా సాగిపోవు ఆ కట్టడము, ఎత్తునకు గాక పొడవునకు పేరుగన్నది. గట్టుపై నిలిచినవాని కెమెరాలో అది సమగ్రముగ ఇమిడినట్లు నేనెన్నడును చూడలేదు. ఆ మాటయే చెప్పి, "అక్కా, అది మనది కాదే. ఆ ఫోటో కింద ఊరి పేరుగానీ తేదీగానీ ఏమన్నా ఉందా?" అని యడిగితిని.

"ఫోటోకి తేదీ ఏవిట్రా, కళ్ళకి కనపడుతుంటే!" అన్నది.

అక్కయ్య చదువుకొన్నది, వరదలను నాకంటె దగ్గరగ చూచినది, అమాయకురాలు కాదు. అయినను కంటికి కనబడినదానికి వేరు సాక్ష్యమక్కరలేదని ఆమె భావించినది. ఆ యుత్తరము నన్ను చాలకాలము వెన్నాడినది. దానికి బదులు చెప్పుటకై, మృతప్రాయమైపోయిన యొక చిన్న యంత్రమును నేను మరల తలచుకొనవలసియున్నది.

2003వ సంవత్సరము జూలై 30వ తేదీన గోదావరి పుష్కరములు ప్రారంభమైనవి. అమెరికాలో ఉద్యోగము చేయుచుండిన మా మేనల్లుడు పుష్కరస్నానమునకై వచ్చి, తాను వాడి విడిచిన అఱచేతి డైరీ యంత్రము నొకదానిని నాకిచ్చి పోయెను. చొక్కాజేబులో పట్టునంతటి పలక. దానిపై వ్రాయుటకు సిరాలేని పుల్ల. లోపల దినచర్య, చిరునామాలు, లెక్కలు, చేయవలసిన పనుల పట్టిక. ఇంగ్లీషు అక్షరములను గూడ దానికి నచ్చిన వంకరలలో, చేయి యెత్తకుండ ఒక్క గీతగ వ్రాసినగాని అది గ్రహింపదు. తెలుగు బొత్తిగా రాదు. ఆ యంత్రముతోబాటు అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదగు మరియొక ముక్కను గూడ ఇచ్చెను. దానిని పలకపైభాగమున దూర్చినయెడల ఆ డైరీ కెమెరా యగును.

ఈ జాతి యంత్రముల కథ వినదగినది. అమెరికాలో జెఫ్ హాకిన్స్ అను ఇంజనీరు, ఇట్టి పలకను నిర్మింపకముందే, ఆ పరిమాణమున నొక కొయ్యముక్కను కోయించి నెలల తరబడి చొక్కాజేబులో వేసికొని తిరిగి, ఎవరైనను సమయమడిగినచో దానిని బయటికి తీసి పుల్లతో వ్రాయుచున్నట్లు నటించి, మనుష్యుని జేబునకు ఏది ఇముడునో ఏది ఇముడదో తెలిసికొనెనట. అట్లు పుట్టిన పామ్ పైలట్ 1996లో విపణికి వచ్చినది. మరుసటి సంవత్సరము జూన్‌లో ఫిలిప్ కాన్ అను నతడు తన కుమార్తె పుట్టిన వేళ, ఆసుపత్రిలోనే, ఒక డిజిటల్ కెమెరాను లాప్‌టాప్ సాయముతో మొబైల్ ఫోనునకు తగిలించి, పురిటిబిడ్డ చిత్రమును దూరముననున్న మిత్రులకు పంపెను. 2000 సంవత్సరమునకు అటునిటులుగ కోడక్ వారు పామ్ పలకలకు పామ్‌పిక్స్ అను కెమెరాను, హ్యాండ్‌స్ప్రింగ్ వారి విజర్ పలకలకు మరియొక సంస్థ ఐమాడ్యూల్ అను కెమెరాను తయారుచేసిరి. సోనీ వారును తమ క్లియే పలకలకు వేలెడంత కెమెరా నొకదానిని అమ్మిరి. కాని 2000 నవంబరులోనే జపానుదేశమున షార్ప్ వారు కెమెరాను తనలోనే యిముడ్చుకొన్న ఫోనును వెలువరించియుండిరి. తగిలింపు కెమెరాల ఆయువు ఆనాడే నిర్ణయమైపోయినది. నా చేతికి వచ్చునప్పటికి అది ఆయుశ్శేషము మాత్రమే మిగిలిన వస్తువు.

నాకు లభించిన యా కెమెరా పట్టు చిత్రము అడ్డముగ 320, నిలువుగ 240 చుక్కలు, అనగా 76,800. ఈనాటి సామాన్యమైన ఫోనులో కోటి యిరువది లక్షల చుక్కలుండును. అంతకంటె వింతయేమనగా, కెమెరా రంగులను గ్రహించును గాని పలకకు రంగులు తెలియవు. రామపాదాలరేవునందు నిలిచి, ఆషాఢశ్రావణముల యెర్రనీటిని ఎదుట చూచుచు చిత్రము తీసినచో, పలకపై కనబడునది బూడిదరంగు నీరు, బూడిదరంగు జనము, బూడిదరంగు జనార్దనస్వామి కొండ. ఇంటికి వచ్చి లాప్‌టాప్‌నకు తగిలించినపిమ్మట గదా ఆ నీరు ఎరుపెక్కును! అందుచేత రేవునందుండగనే, చిత్రము తీసిన వెంటనే, డైరీ పుటను తెరచి, చిత్రపు సంఖ్య వేసి, పుల్లతో ఇంగ్లీషు అక్షరములలో "ఎర్రనీరు" అని వ్రాసికొనుట నాకలవాటైనది. క్రమముగ ఆ వ్రాత పెరిగినది. ఏ రేవు, ఏ గంట, నీరు ఎన్నవ మెట్టును తాకుచున్నది, పడవవాడు ఏమన్నాడు. ఒకనాడు బొబ్బర్లంకనుండి వచ్చిన యొక ముసలమ్మ నా చేతిలోని పలకను చూచి, "ఏంటి బాబూ అది, లెక్కల మిషనా?" అని యడిగి, ఫోటో తీయునని విని నమ్మక, నమ్మినపిమ్మట మనుమని చంకనెత్తుకొని నిలువబడినది. ఆ చిత్రమును కాగితముపై నచ్చువేయించి నెల తరువాత ఆమెకు చేర్పగలిగితిననిన, అది నేను వ్రాసికొన్న రెండు పంక్తుల మహిమయే. చిత్రమున ఆమె ముఖము చింతగింజంత.

ఆ సాధనము మేలైనదని నేననుట లేదు. సాయంకాలమైనచో అది గ్రుడ్డిది. ఎవరైనను కదలిరా, అలికిపోవును. అయితే అది పుట్టుకచేత డైరీ. కెమెరా దానికి అతిథి. చిత్రమును తీయవలెనన్నచో ముందుగ జేబునుండి ఆ ముక్కను వెదకి, మూతదీసి, దూర్చి, "ఇది తీయదగినదేనా?" అని క్షణమాలోచింపక తప్పదు. తీసినపిమ్మట ఎదుట నిలుచునది వ్రాయుటకై పుట్టిన పలకయే గనుక, చేయి తనంతట వ్రాతకు పోవును. ఫోనున అట్లుగాదు. అది పుట్టుకచేత మాటలాడు యంత్రమైనను, పదిమందికి పంపు యంత్రముగ మారినది. చిత్రము తీసినతోడనే వ్రేలు పోవునది పంపు గుర్తుకడకే. పూర్వము చిత్రమునకును వ్రాతకును నడుమ గోడయే లేదు. నేడు చిత్రమునకును వేలమంది కన్నులకును నడుమ లేదు.

2006 ఆగస్టులో మరల మహావరద వచ్చినది. బ్యారేజీకడ 28 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. అప్పటికి నా పలక ముదుసలి. అయినను దానిని పట్టుకొని ఏటిగట్టున మూడుదినములు తిరిగి ముప్పదికిపైగ చిత్రములు తీసితిని. తరువాత ఇంట బంధువుల సందడిలోపడి దానిని బల్లసొరుగులో మరచితిని. ఆ జాతి పలకలకు జ్ఞాపకశక్తి బ్యాటరీలపై నాధారపడినది. రెండు చిన్న బ్యాటరీలు చచ్చినచో, లోపలనున్నదంతయు తుడిచిపెట్టుకొనిపోవును. కొత్తవి వేసి తెరచితిని గదా, పుట్టినబిడ్డవలె తెల్లమొగము వేసికొని నా పేరేమని యడిగినది! దోషము నాదే, బ్యాటరీలు మార్చుమని మేనల్లుడు వందమార్లు చెప్పియుండెను. అదృష్టవశమున ఏ రాత్రి వ్రాతను ఆ రాత్రి, తెలుగున, కాగితపు డైరీలోనికి ఎక్కించుకొను చాదస్తము నాకుండెడిది. చిత్రములు పోయినవి, వ్రాతలు మిగిలినవి. "మధ్యాహ్నము రెండు గంటలు. 17.75 గీత కనబడుటలేదు. పూరికప్పు ఒకటి నిలువుగ తేలుచు వచ్చినది. దాని కొప్పుపై కోడి. గట్టున ఎవరును నవ్వలేదు." ఇది చదివినపుడెల్ల ఆ కోడి నాకు కనబడును. చిత్రమే మిగిలి వ్రాత పోయియుండినచో, ఏ సంవత్సరపు వరదయో నాకే సందేహము కలిగియుండును.

అట్లని చిత్రమునకంటె వ్రాతయే గొప్పదని తీర్పుచెప్పుటకు నాకు మనసొప్పదు. ముసలమ్మ చిత్రము నేటికిని నాకడనున్నది. మొన్న దానిని మనుమరాలు పెద్ద తెరపై చూపగ, వెనుక ప్రక్కన, నేను ఆనాడు గమనింపనే గమనింపని తెరచాప పడవ యొకటి మసకగ కనబడినది. డైరీలో దాని మాటయే లేదు. వ్రాయువాడు తాను చూచినదానినే వ్రాయును. కెమెరా వాడు చూడనిదానిని గూడ పట్టును. అందుచేతనే ఈ రెంటిని విడదీయరాదని నా వాదము.

ఒక చిత్రమైన సంగతి. పారిస్ నగరమున ఛాయాచిత్రకళారహస్యమును లోకమునకు ప్రకటించిన 1839వ సంవత్సరముననే, నవంబరులో, మన గోదావరి ముఖద్వారమునందలి కోరంగిని తుపాను ముంచివేసినది. ఆ యుప్పెనకు చిత్రములేదు, వ్రాతలే కలవు. పిదప కాటన్ దొర 1847లో మొదలుపెట్టించి 1852కు పూర్తిచేయించిన ఆనకట్ట గూడ, కరవుల లెక్కలు, నీటి కొలతలు, వాదవివాదములతో నిండిన కాగితములనుండియే పుట్టినది. తరువాత తరములవారు 1986 మహావరద తేదీయగు ఆగస్టు 16ను, 24.55 అడుగులను, 35 లక్షల క్యూసెక్కులను ఒక్క ఊపిరిలో చెప్పగలుగుచున్నారన్న, అది ఎవడో గేజీ చదివి గంటగంటకు పుస్తకమున నెక్కించినందువలననే. 11.75, 13.75, 17.75 అను మూడు హెచ్చరికల యంకెలు మా ప్రాంతమున చదువురానివారికిని నోటికి వచ్చును.

ఈనాటి ఫోను తీసిన ప్రతి చిత్రమునందును తేదీ, గంట, ఒక్కొక్కప్పుడు స్థలము గూడ తనంతట నమోదగునుగదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ఆ నమోదు చిత్రముపై గాక చిత్రపు లోపొరలలో దాగియుండును. వాట్సాప్‌లో మామూలుగ చిత్రమును పంపునపుడు అది కుదించబడి, ఆ లోపొర రాలిపోవును. చేతులు మారినకొలది చిత్రము అనాథయగును. అనాథకు ఎవరు పెట్టిన పేరు వారిది. ఎక్కడనో కొండలనడుమ దుమికిన నీరు, ధవళేశ్వరము గేట్లు కొట్టుకొనిపోయిన వార్తగ అర్ధరాత్రి మా అక్కయ్య యింట చొరబడును. లంకవాసికి ఆ వార్త వినోదము కాదు. పాడిగేదెలను విప్పి తోలుకొనిపోవలెనా, ముసలివారిని పడవ ఎక్కింపవలెనా యన్నది దానిపై నాధారపడియుండును.

కనుక నేనడుగునది స్వల్పము. వరదకాలమున నీటిమట్టపు అంకెలను ప్రకటించు అధికారులు, గంటయు తేదీయు స్పష్టముగ వేసిన గేజీ చిత్రమును గూడ ప్రతి ప్రకటనతో విడుదలచేయవలెను. చూచినవానికి అంకె, అంకెను శంకించినవానికి చిత్రము. పత్రికలు పాత వరద చిత్రమును వేసినపుడెల్ల, "ఫైల్ ఫోటో" యని చీమతలకాయంత యక్షరములలో తప్పించుకొనక, ఏ యేటి, ఏ యూరి వరదయో పెద్దయక్షరములలో వేయవలెను. ఈ వ్యాసమును ప్రచురించు పత్రికకును ఇందు మినహాయింపులేదు. 2027లో పుష్కరములు మరల రానున్నవి. లక్షల ఫోనులు కోట్ల చిత్రములు తీయును. పండ్రెండుదినములు గడచునప్పటికి వానిలో నూటికి తొంబది యెవరికిని అక్కరకురావు. ధవళేశ్వరమునందలి కాటన్ మ్యూజియమో, రాజమహేంద్రవరమునందలి గౌతమీ గ్రంథాలయమో, చిత్రమొకటి, దానితో నాలుగు పంక్తుల వ్రాత యొకటి, రెండును కలిపి యిచ్చినవారివద్ద మాత్రమే పుచ్చుకొందుమని ప్రకటించినచో, నూఱేండ్ల తరువాతివాడు ఏ రేవున ఎంత నీరుండెనో, ముసలమ్మ ఏమడిగెనో తెలిసికొనగలడు.

ఆనాటి రాత్రి అక్కయ్యతో నేను కొంచెము కఠినముగనే మాటలాడితిని. ఆమె నొచ్చుకొన్నదని తరువాత తెలిసినది. అయితే నిరుడు వరద వచ్చినపుడు, తెల్లవారుజామున నా ఫోనునకు చిత్రమొకటి వచ్చినది. వారి యింటిముందరి రేవు. ఎర్రనీటిలో అర్ధముగ మునిగిన మెట్లు. క్రింద ఆమెయే వ్రాసినది: "మా రేవు. మూడో మెట్టు మీదకి వచ్చింది. శ్రావణ బహుళ విదియ, పొద్దున్న ఆరు." ఇంగ్లీషు తేదీకై నేను పంచాంగము తిరుగవేయవలసివచ్చినది.