కొండెక్కింది ఎవరి పిల్లలు?

బళ్ళో సాహసమంటే కొలంబస్, సాహసమంటే వాస్కోడగామా. ఓడలెక్కొచ్చి ఊళ్ళు దోచినోళ్ళు వీరులంట! మరి మా కోనసీమలో మోకు వేసుకుని కొబ్బరి చెట్టెక్కే దింపు కార్మికుడెవరు? కాలు జారితే నడుం విరుగుద్ది, సంసారం వీధిన పడుద్ది. దాన్ని సాహసమని ఎవరూ అనరు. సరదాకి ఎక్కితే సాహసం, కడుపుకోసం ఎక్కితే కూలిపని! ఇదీ అగ్రవర్ణ నిఘంటువు.

హిమాలయాల్లోనూ ఇదే లెక్క. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఎవరెస్టు మీద మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. డబ్బున్నోళ్ళ మూటలు మోసి, వాళ్ళకి దారి వేసిన వాళ్ళు. ఒక్కరి పేరైనా మన పాఠాల్లో ఉందా?

ఆ తర్వాత నెల దాటి వారం తిరిగేసరికి, మే 25న, టిబెట్ వైపు నుంచి ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు ఎవరెస్టు ఎక్కారు. నేపాల్లో పదహారేళ్ళు నిండందే ఎక్కనివ్వరు గనక ఆ దారి. మాలావత్ పూర్ణ, నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడీ కూలీల బిడ్డ; అప్పటికి పధ్నాలుగేళ్ళు నిండలేదు. సాధనపల్లి ఆనంద్ కుమార్, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ. తండ్రి సైకిలు మెకానిక్. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల ఏడు శిఖరాలూ ఎక్కేసింది.

వీళ్ళని ఏ దేవుడూ ఎక్కించలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఎక్కించాయి. అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకున్నారు. శిక్షకుడు శేఖర్ బాబు భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడాఖ్ దాకా నడిపించారు. అవకాశం ఇచ్చి చూడండి, ప్రతిభ ఎవరి సొత్తో తేలుద్ది!

"ఎస్సీ, ఎస్టీ పిల్లలకి కొండలెందుకండీ, పదో తరగతి గట్టెక్కితే చాలదా?" అనే మేష్టార్లని మేము చూశాం. అయ్యా, మీ అబ్బాయి ఎక్కితే దేశానికి గర్వకారణం, మా అబ్బాయి ఎక్కితే సర్కారు సొమ్ము దండగా? ప్రాణభయం గురించి అడగండి, జవాబు చెబుతాం. కులం చూసి ఆశకి కొలత పెడితే మాత్రం ఊరుకోం.

ఆ పిల్లలు శిఖరం చేరి ఎనిమిదేళ్ళు నిండడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, 2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. మంత్రి ఇల్లూ కాలింది, ఎమ్మెల్యే ఇల్లూ కాలింది. మంచుకొండ మా పిల్లల కులం అడగలేదు. పచ్చటి కొబ్బరితోటల సీమ మాత్రం బోర్డు మీద పేరుకి కూడా కులం అడిగింది!

ఒక్క జెండా పాతినంత మాత్రాన హాస్టల్ గదుల కప్పు కారడం ఆగదు. మాకు తెలుసు. అందుకే అంటున్నాం: రాజోలు, కొత్తపేట, అమలాపురం పేటల్లో తల్లిదండ్రులారా! పిల్లలకి పూర్ణ పేరుతోపాటు ఆనంద్ పేరూ చెప్పండి. మీ హాస్టల్లో అన్నం ఎలా ఉందో, పంతులు వస్తున్నాడో లేదో వెళ్ళి నిలదీయండి. గురుకులం సీటు బిచ్చం కాదు, బాబాసాహెబ్ పోరాడి తెచ్చిన హక్కు. ఆ మెట్టు జారిపోతే మనకి ఏ శిఖరమూ లేదు.

జై భీమ్!