గోడలకు మాటలు నేర్పే పని

"ఇంటీరియర్ డిజైన్ చదివాను. వయసు ఇరవై మూడు. మాది నాయుడుపేట. చెన్నపట్నంలో ఉద్యోగం దొరికేట్టుంది గాని, అమ్మను ఒంటరిగా వదిలి వెళ్ళడానికి మనసొప్పడం లేదు. ఇక్కడే పని మొదలుపెడదామంటే, 'ఈ ఊళ్ళో నీచేత ఇల్లు అలంకరించుకునేదెవరే?' అని బంధువులు నవ్వుతున్నారు. మొదట అంగన్‌వాడీ, బడి, గ్రంథాలయం వంటి ఊరి పనులు చేసి చేయి తిప్పుకుందామనుకుంటున్నాను. ఇది తెలివైన పనేనా, తెలివితక్కువ పనా?" అని ఒక పాఠకురాలు రాసింది. పేరు వేయవద్దన్నది గనక వేయడం లేదు.

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు కొంచెం ఉందనే అనుకుంటాను. నేనూ ఈ ఊళ్ళోనే, ఈ తోవనే మొదలుపెట్టాను. అప్పుడు నవ్విన వాళ్ళలో కొందరు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. కాకపోతే, నవ్వుతూనే తమ ముందుగదికి ఏ రంగు బాగుంటుందని అడుగుతున్నారు.

ఇంటీరియర్ డిజైన్ అనగానే మనవాళ్ళ కళ్ళ ముందు మెదిలేవి సినిమాలో జమీందారు గారి హాలు, వేలాడే దీపాల గుత్తులు, నేల జీరాడే తెరలు. డబ్బున్న వాళ్ళ సరదా అని ఒక ముద్ర పడిపోయింది. ఈ వృత్తి పుట్టుక చూస్తే ఆ ముద్ర పూర్తిగా నిజం కాదని తెలుస్తుంది. అమెరికాలో దీన్ని జీవనోపాధిగా చేసుకున్న తొలి స్త్రీలలో ఎల్సీ డి వుల్ఫ్ ఒకరు. ఆవిడ నాటకాల్లో వేషాలు వేసేది. 1905లో రంగస్థలం వదిలిపెట్టింది. ఆవిడకు పేరు తెచ్చిన మొదటి పెద్ద పని ఒకరి సొంత ఇల్లు కాదు. న్యూయార్కులో స్త్రీలు తమ కోసం కట్టుకున్న కాలనీ క్లబ్ అది. 1907లో తెరిచారు. చీకటి గదులూ, బరువైన తెరలూ గొప్పతనంగా చెలామణీ అయ్యే రోజుల్లో ఆవిడ లేత రంగులు వేయించి, పూల అచ్చుల నూలుగుడ్డలు కట్టించి, పేము కుర్చీలు వేయించింది. గదిలోకి వెలుతురూ గాలీ రానిచ్చింది. ఆ క్లబ్బులోని వాళ్ళంతా కలవారి ఆడవాళ్ళే, కాదనను. అయినా పదిమంది కూర్చునే చోటు ఒకటి బాగుపడితే పదిమంది కళ్ళూ తెరుచుకుంటాయన్నది అక్కడా రుజువైంది.

మన సంగతికి వద్దాం. నా మొదటి పని మా వీధి చివర ఉన్న అంగన్‌వాడీ. ఒకే గది, దానికి పడమటి కిటికీ. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎండ తిన్నగా పిల్లల మొహాన కొట్టేది. ఆ వేళకే వాళ్ళను నిద్రపుచ్చాలి! నేను రంగుల పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళి, "అక్కా, గోడల మీద ఏ బొమ్మలు వేద్దాం?" అని టీచరమ్మను అడిగాను. ఆవిడ, "బొమ్మలు తర్వాత చూద్దాంలేమ్మా. ముందు ఆ ఎండకు అడ్డం ఏదైనా చెప్పు. బియ్యం మూటలు, గుడ్లు, బాలామృతం పొట్లాలు పిల్లల కాళ్ళకు తగలకుండా పెట్టుకునే చోటు చూపించు" అన్నది. మా వృత్తిలో మొదటి పాఠం ఇదే. ఆ గదిలో పొద్దుగూకులూ పనిచేసే మనిషిని అడగకుండా టేపు విప్పకూడదు.

కిటికీకి బయట తాటాకు తడిక వాలుగా కట్టించాం. ఎండ ఆగింది, గాలి ఆగలేదు. మూటలకు గోడ వారగా ఇటుకలు పేర్చి, పైన కడప రాయి పలకలు పరిపించాం. చెక్కకయితే చెద భయం, ఇనుముకయితే తుప్పు భయం. కడప రాయికి రెండూ లేవు. పిల్లల పలకలు, ఆటవస్తువులు రెండడుగుల ఎత్తులో, వాళ్ళ చేతికే అందేట్టు పెట్టాం. నాలుగేళ్ళ పిల్లవాడు మూడడుగుల చిల్లర ఉంటాడు. మనం గోడకు అయిదడుగుల ఎత్తున తగిలించే పటాలూ పాఠాలూ వాడికి ఆకాశంలో ఉన్నట్టే లెక్క. గోడకు అడుగు ఎత్తు నుంచి మూడడుగుల దాకా నల్లరంగు పట్టీ వేయించి సుద్దముక్కలు ఇచ్చాం. గోడలు పాడుచేస్తారని కోప్పడే పని టీచరమ్మకు తప్పిపోయింది.

ఇదంతా నా బుర్రలో పుట్టినది కాదు. ఢిల్లీలోని విన్యాస్ సంస్థ, కబీర్ వాజ్‌పేయి గారు, యూనిసెఫ్ సాయంతో 'బాలా' అనే పద్ధతి తయారుచేశారు. బడి కట్టడాన్నే పాఠ్యపుస్తకం చేయడం అందులోని కిటుకు. తలుపు తెరుచుకునే చోట నేల మీద అర్ధచంద్రాకారంగా గీసి డిగ్రీలు వేస్తే, తలుపు తీసినప్పుడల్లా కోణాలు కళ్ళకు కడతాయి. కిటికీ ఊచలను వంకీలుగా వంచితే, వేలితో తడుముతూ పిల్లలు అక్షరాల వంపులు నేర్చుకుంటారు. ఫ్యాను రెక్కలకు రెండు మూడు రంగులు వేస్తే, అది తిరిగేటప్పుడు అవి కలిసిపోయి వేరే రంగు కనబడుతుంది. మెట్లకు అంకెలు, స్తంభానికి ఎత్తు కొలత. గోడలకు చెవులుంటాయని మన పెద్దలన్నారు గదా, వీళ్ళు వాటికి మాటలు కూడా నేర్పారన్నమాట. ఖర్చు చూస్తే, చాలావాటికి డబ్బా రంగూ, ఒక పూట కూలీనూ.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు మొదలయ్యాయి. ఇన్నేళ్ళలో వాటిలో పెరిగిన పిల్లలు తమ పిల్లలను పంపుతున్నారు. మన రాష్ట్రంలో 2019 నవంబరు 14న మొదలుపెట్టిన 'నాడు–నేడు'లో బడుల మరమ్మతు పనులను తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా నడిపించారు. నీకు పనికివచ్చేది అందులో ఒకటుంది. రంగు, ఫ్యాను, బల్ల ఎంచుకునేటప్పుడు తల్లులు కూడా కూర్చుని మాట్లాడడం చాలా ఊళ్ళల్లో అలవాటయింది. అటువంటి వాళ్ళ మధ్య నువ్వొకదానివై కూర్చుంటే, నీకు తెలిసినది చెప్పడం సులువవుతుంది.

ఈ ప్రాంతానికి తగిన సంగతి ఇంకొకటి చెప్పాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో ఎవరూ మరిచిపోలేదు. పాత గోడలు చెమ్మ పీలుస్తాయి. సముద్రం దగ్గర గనక గాలిలో ఉప్పూ ఉంటుంది. అటువంటి గోడకు మెరిసే ప్లాస్టిక్ రంగు వేస్తే, చెమ్మ బయటికి పోయే దారి లేక పొక్కులు లేచి, ఏడాది తిరక్కుండా పొలుసులుగా ఊడుతుంది. సున్నమయితే గోడ ఊపిరి పీల్చుకుంటుంది. చవక కూడా. అయితే పాత ప్లాస్టిక్ రంగు మీద సున్నం పట్టదు. ముందు గీకించాలి. పట్నం పుస్తకాల్లోని గదులను మక్కీకి మక్కీ ఇక్కడ దింపబోతే మన ఊరి వాన ఒప్పుకోదు.

సామాను కోసం దూరం పోనక్కరలేదు. తిరుపతి బస్సెక్కితే దారిలోనే కాళహస్తి. కలంతో గీసే కలంకారీ అక్కడిది. 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ వంటి వారు పూనుకొని శిక్షణ ఇప్పించబట్టి నిలబడిన విద్య అది. ఒక చిన్న గుడ్డ గ్రంథాలయం గోడకు కట్టినా చదివేవాళ్ళకు ఆ కథ తెలుస్తుంది, గీసినవాళ్ళకు నాలుగు రూపాయలు అందుతాయి. పసిపిల్లల గదికి బొమ్మలు కావలిస్తే ఏటికొప్పాక లక్క బొమ్మలు చూడు. చెట్ల నుంచి తీసిన రంగులను వాటికి మళ్ళీ అలవాటు చేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వబోయే బొమ్మకు ఏ రంగు వేశారో అడిగి తెలుసుకోవడం కూడా మన పనే.

ఇక అసలు చిక్కు డబ్బు. ఊరి పని అనగానే, ఊరికే చేసే పని అనుకుంటారు. ఆడపిల్ల చేస్తే మరీను. నాకు ఒక చోట పెద్దమనిషి ఎదురయ్యాడు. చోటు పేరు ఎందుకులెండి. మేస్త్రీకి కూలి, రంగులవాడికి కూలి లెక్కగట్టి ఇచ్చి, నా వంక తిరిగి, "నీకేముందమ్మా, ఇంట్లో ఊరికే కూచునేదానివి, పుణ్యం వస్తుంది" అన్నాడు. ఆ పైన, అలమర రంగు తనకు నచ్చలేదని మూడుసార్లు కబురంపాడు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టయింది! నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. రెండు నెలల నా పొద్దులు ఆయన లెక్కలో సున్నా.

ఆ తర్వాత నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నువ్వూ పెట్టుకో. పని మొదలుపెట్టక ముందే ఒక కాగితం రాయి. ఏ గది, ఏమేం చేస్తావు, ఎన్ని రోజులు, నీ మామూలు రుసుము ఎంత, అందులో ఊరి కోసం వదులుకుంటున్నది ఎంత, అన్నీ అందులో ఉండాలి. మొత్తం వదులుకున్నా సరే, ఆ అంకె మాత్రం కాగితం మీద పడాలి. ఎంత విలువైన పనో వాళ్ళకు తెలియాలి, నీకూ గుర్తుండాలి. మార్పులు రెండుసార్లకు మించి ఉండవని రాయి. చందాల డబ్బు నీ చేతిలోకి తీసుకోకు. కమిటీ పేర ఉంచి, బిల్లులు వాళ్ళ చేతనే కట్టించు. ఇంటి ఖర్చు నీ మీద ఆధారపడి ఉంటే ఏడాదికి ఇటువంటివి ఒకటి రెండు చాలు. సేవ చేస్తూ అమ్మకు మందులు కొనలేకపోతే అది ఎవరికీ మంచిది కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం, పేరు నమోదు కాని వాళ్ళు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. ఇంటీరియర్ డిజైనర్ అన్న మాటకు ఆ అడ్డు లేదు. అంతమాత్రాన గోడ కొట్టించే సాహసం చేయకు. ఏ గోడ మీద బరువుందో ఇంజనీరు చెప్పాలి. తీగల పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. పిల్లలుండే చోట ఈ రెండింటిలో మొహమాటం పనికిరాదు.

పని ఎలా వస్తుందంటావా? నాకు మొదటి డబ్బు పని అంగన్‌వాడీ ద్వారానే వచ్చింది. పాపను దింపడానికి వచ్చే ఒక తల్లి ఆ కడప రాయి అరలు చూసి, తన వంటింటికి అటువంటివే కావాలన్నది. మేనకూరు పారిశ్రామికవాడ వచ్చాక మన ఊళ్ళో అద్దె ఇళ్ళూ చిన్న దుకాణాలూ పెరిగాయి. వాళ్ళంతా పట్నం నుంచి మనిషిని పిలిపించుకోలేరు. ప్రతి పనికీ ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో తీసి, తేదీ, ఖర్చు రాసి ఉంచుకో. అదే నీ యోగ్యతాపత్రం. ఊరి పని తక్కువరకం చదువనుకోకు. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1993 నుంచి 'రూరల్ స్టూడియో' పేరుతో విద్యార్థులను అలబామా పల్లెలకు పంపి, బీదవాళ్ళ ఇళ్ళ మీదనే పాఠం చెబుతున్నారు.

నీ ప్రశ్నకు నా జవాబు ఇది: తెలివైన పనే, కాగితం రాసుకుంటే. చెన్నపట్నం ఎక్కడికీ పోదు. రైలెక్కితే రెండు మూడు గంటల దారి. ఏడాది ఇక్కడ చేసి చూడు. చాలకపోతే అప్పుడు వెళ్ళు, చేతిలో నాలుగు పనుల ఫొటోలతో వెళ్తావు. మొదటి రోజు అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు కుర్చీ అడగకు. పిల్లల పక్కన నేల మీద కూర్చుని, అక్కణ్ణించి ఏమేం కనబడుతున్నాయో రాసుకో. ఆ గది కొలతలు, కిటికీ ఏ దిక్కునో నాకు రాసి పంపితే, చూసి చెబుతాను.