భోపాలు విషాదమును స్మరించుట యెట్లు?



ప్రతి సంవత్సరము డిసెంబరు 2వ తేదీని మన దేశమున జాతీయ కాలుష్య నియంత్రణ దినముగా పాటించుచున్నారు. పాఠశాలలలో ఉపన్యాసములు, వ్యాసరచన పోటీలు జరుగుచుండును. మంచిదే. కాని ఆ దినము ఎవరి మరణమునకు గుర్తో, వారు ఏల మరణించిరో అడిగినచో చెప్పగలవారు కొందరే. కారణ మెరుగని స్మరణము వట్టి తంతుగా మిగిలిపోవును.

1984వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీ రాత్రి, మధ్యప్రదేశ్ రాజధానియగు భోపాలులో, యూనియన్ కార్బైడ్ వారి పురుగుమందుల కర్మాగారమునందు మిథైల్ ఐసోసయనేట్ అను విషరసాయనము నిలువయున్న తొట్టిలోనికి నీరు చేరెను. వేడియు ఒత్తిడియు పెరిగి, సుమారు 40 టన్నుల విషవాయువు వెలువడి, చుట్టుపట్ల పేటలలో నిద్రించుచున్న పేదల యిండ్లను కమ్ముకొనెను. రాష్ట్ర ప్రభుత్వము ధ్రువపరచిన మరణములే 3,787. గాయపడినవారు 5,58,125 మంది యని 2006లో ప్రభుత్వము ప్రమాణపత్రమున తెలిపెను. అసలు సంఖ్య ఇంతకు ఎన్నో రెట్లని బాధితుల సంఘములు నేటికిని చెప్పుచున్నవి.

దీనిని విధివ్రాత యని సరిపెట్టుకొనుటకు వీలులేదు. రసాయనమును చల్లగా నుంచవలసిన యంత్రమును నెలల ముందే ఆపివేసిరి. బయటికి పోవు వాయువును కాల్చివేయవలసిన సాధనము పనిచేయు స్థితిలో లేదు. ఖర్చు తగ్గించుటకై ఆ విభాగమున పనివారిని 12 మంది నుండి 6 గురికి తగ్గించిరి. రాజ్‌కుమార్ కేశ్వానీ అను పత్రికా రచయిత 1982లోనే ప్రమాదమును గూర్చి హెచ్చరించినను వినినవారు లేకపోయిరి.

వీనితోపాటు మనబోటివారు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. ఆ కర్మాగారమున పని విధానమును తెలుపు పుస్తకములు ఇంగ్లీషులో నుండెను. పనివారిలో ఆ భాష బాగుగా నెరిగినవారు కొద్దిమందియే. ప్రక్క పేటలవారికైతే ఆ తొట్లలో నేమున్నదో, అది వెలువడినచో నేమి చేయవలెనో ఏ భాషలోను చెప్పినవారు లేరు. తడిగుడ్డ ముఖమున కడ్డము పెట్టుకొనుడను ఒక్క మాట ముందుగా తెలిసియున్నచో ఎందరో బ్రతికియుందురు.

కొన్ని నెలల క్రిందట మన విద్యార్థి తండ్రి యొకరు ఒక కాగితముతో నా యొద్దకు వచ్చిరి. "అయ్యవారూ, సంతకమైతే పెట్టినాను. ఇందులో ఏముందో కొంచెం చదివి చెప్పండి" అనిరి. అది హోసూరు ప్రాంతమున వారు పనిచేయు కర్మాగారము వారిచ్చిన భద్రతా సూచనల పత్రము. ఇంగ్లీషులోను తమిళములోను ఉన్నది. వారు తమిళము చక్కగా మాటలాడుదురు గాని చదివినది తెలుగు బడిలో. రసాయనము కంట పడినచో వెంటనే నీటితో చాలసేపు కడుగవలెనని అందున్నది. వారు ఆరు నెలలుగా ఆ రసాయనముతోనే పనిచేయుచున్నారు! నేనును పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చినవాడనే. తమిళ లిపిని ఉద్యోగమున చేరిన తరువాతనే నేర్చుకొంటిని. కనుక వారి యిబ్బంది నాకు తెలియును.

చట్టము లేకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 108వ సెక్షనులో, ప్రకటనలు ఇంగ్లీషులోను, పనివారిలో అధిక సంఖ్యాకులకు తెలిసిన భాషలోను ఉండవలెనని వ్రాసిరి. భోపాలు తరువాత 1987లో ఆ చట్టమును సవరించి, ప్రమాదకర పదార్థములను గూర్చిన సమాచారమును పనివారికిని, ఇరుగుపొరుగు ప్రజలకును తెలుపవలెనని శాసించిరి. ఆ చట్టమునకు బదులుగా పార్లమెంటు 2020లో కొత్త స్మృతిని ఆమోదించినది. కాని నా ప్రశ్న యొక్కటే. అధిక సంఖ్యాకులకు తెలిసిన భాషలో ప్రకటించినచో, అల్ప సంఖ్యాకులకు విషవాయువు మినహాయింపు నిచ్చునా?

"ఎన్ని భాషలలో వ్రాయగలము?" అని యజమానులు అడుగవచ్చును. ఒడిశా నుండియు బీహారు నుండియు మనుష్యులను రప్పించుకొనగలిగినవారు వారి భాషలో ఒక పుట వ్రాయించుకొనలేరా? నేను తెలుగువారి కొరకు మాత్రమే అడుగుట లేదు. మన ప్రక్కన పనిచేయు ఒడియా సోదరునకును, హిందీ సోదరునకును అదే హక్కు కలదు. చదువరాని వానికి నోటితో చెప్పి, చేసి చూపవలెను.

చెప్పుట యొక్కటియే చాలదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమున ఎల్‌జీ పాలిమర్స్ నుండి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించిరి. ఊరిని మేల్కొల్పవలసిన సైరను ఆ వేళ మోగలేదు. భోపాలు జరిగిన ముప్పదియైదేండ్ల తరువాతి మాట యిది. చట్టము పుస్తకమున నుండుట వేరు, పనిస్థలమున నుండుట వేరు. తనిఖీ అధికారులు వచ్చి, యంత్రములను చూచుటయే గాక, పనివానిని ప్రక్కకు పిలిచి "ప్రమాదము వచ్చినచో నీవేమి చేయుదువు?" అని అతని భాషలో అడుగవలెను. అతడు చెప్పలేకపోయినచో తప్పు అతనిది కాదు, యజమానిది. శ్రామికుల కొరకు పాలించుట యనగా ఇదియే. నష్టపరిహారము ప్రాణము పోయిన పిదప ఇచ్చునది. 1989లో 47 కోట్ల డాలర్లకు ఒడంబడిక చేసికొన్నను భోపాలు వితంతువుల దుఃఖము తీరలేదు.

విద్యార్థులారా! తెలుగును ప్రేమింపుడు. తమిళమును, ఇంగ్లీషును కూడ శ్రద్ధగా నేర్చుకొనుడు. ఈ డిసెంబరు 2వ తేదీన మౌనము వహించిన పిదప ఇంటికి పోయి, మీ తండ్రిగారో, అన్నగారో, అక్కగారో పనిచేయు చోట ఇచ్చిన సూచనల కాగితము నడుగుడు. వారి ఎదుట కూర్చుండి తెలుగున చదివి వినిపింపుడు. అర్థము కానిచో బడికి తెండు, కలిసి చదువుదము. తల్లిదండ్రులారా! తెలియని కాగితముపై సంతకము చేయకుడు. "మాకు తెలిసిన భాషలో చెప్పుడు" అని అడుగుటకు జంకకుడు. భోపాలు మృతులకు మన మర్పింపగల నివాళి యదియే.