గుర్రం హరామ్ కాదు, జూదం హరామ్

రేసు అనగానే మన ఇళ్లలో మొదట వచ్చే మాట "తౌబా". అందులో తప్పు లేదు. మలక్‌పేట రేసుల్లో తన్ఖా అంతా పోగొట్టుకుని ఖాళీ జేబుతో ఇల్లు చేరిన వాళ్ల కథలు హైదరాబాద్ మొహల్లాలకు కొత్త కాదు. జూదం హరామ్. దాని మీద బహస్ లేదు.

కానీ జూదం మీది గుస్సా గుర్రం మీద, గుర్రమెక్కిన పిల్ల మీద చూపిస్తే అది ఇన్సాఫ్ కాదు. ఖదీజా మెల్లా సంగతి తెలిసినప్పటి నుంచి నా మాట ఇదే.

ఖదీజాది లండన్‌లోని పెక్‌హామ్. దగ్గర్లో బ్రిక్స్‌టన్‌లో బస్తీ పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే ఎబొనీ హార్స్ క్లబ్ ఉంది. దాని కాగితం వాళ్ల అమ్మీకి దొరికింది మస్జిద్‌లో! కూతురిని అక్కడ చేర్పించింది. 2019 ఏప్రిల్ దాకా ఆ పిల్ల రేసు గుర్రం ఎక్కింది లేదు. ఆగస్టు 1న గుడ్‌వుడ్‌లో మాగ్నోలియా కప్. మధ్యలో ఉన్నవి నాలుగు నెలలు, అందులోనే రమజాన్. హెల్మెట్ కింద హిజాబ్‌తో, పద్దెనిమిదేళ్ల వయసులో, హావర్‌ల్యాండ్ అనే గుర్రం మీద తన మొదటి రేసు గెలిచింది.

నిజమే, అది ఆడవాళ్ల ఛారిటీ రేసు. వృత్తి జాకీల పోటీ కాదు. ఒక్క గెలుపుతో జాకీ ఫామ్‌ను తూచలేం. కానీ రేసు స్వారీ అంటే జీను మీద హాయిగా కూర్చోవడం కాదు. పొట్టి రికాబుల మీద లేచి నిలబడి, నడుం వంచి, కాళ్ల బలంతోనే తూకం నిలుపుకోవాలి. అది నాలుగు నెలల్లో పట్టుబడటం కరామత్ కాదు, మెహనత్.

దీన్‌లో దీనికి చోటెక్కడ అంటారా? ప్రవక్త (స) స్వయంగా గుర్రాల పరుగు పోటీ పెట్టించారు. తర్ఫీదు పొందిన గుర్రాలు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా దాకా పరుగెత్తాయి. ఆ పోటీలో పాల్గొన్న వాళ్లలో అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) ఒకరు. ఇది బుఖారీ షరీఫ్‌లో ఉంది. పర్దా మాటంటారా, ఆ పిల్ల హిజాబ్ తీయలేదు.

ఆ గెలుపు అక్కడితో ఆగలేదు. 2021లో రైడింగ్ ఎ డ్రీమ్ అకాడమీ మొదలైంది. గుర్రం దగ్గరికి వెళ్లే మౌకా లేని ఇళ్ల పిల్లలకు అది దారి చూపుతోంది.

నాకు మాత్రం గెలుపు కంటే ఆ అమ్మీ అందుకున్న కాగితమే పెద్దదిగా కనిపిస్తుంది. మన మస్జిద్ నోటీసు బోర్డు మీద చందాల లెక్కలుంటాయి, ఇజ్తెమా తారీఖులుంటాయి. పిల్లలకు ఒక హునర్ చూపించే కాగితం ఎన్నిసార్లు చూశాం?

రేపు మీ బేటీ ఏదో నేర్చుకుంటానని అడిగితే, "లోగ్ క్యా కహేంగే" అనే ముందు ఒక్క నిమిషం ఆగండి. అందులో హరామ్ ఏది, మనకు ఆదత్ లేనిది ఏది? రెండూ ఒకటి కావు.