బీపీ చూసే చోటే మనసునూ చూడాలి!

చెన్నపట్నం తెలుగు అక్కలారా, అన్నలారా!

కార్పొరేషన్ ఆసుపత్రిలో మన వరుస వచ్చేసరికి ఏం చెబుతాం? "గుండె దడ, తలనొప్పి, కడుపులో మంట, రాత్రి కంటిమీద కునుకు లేదు" అంటాం. గ్యాస్ మాత్ర, బలం మాత్ర తెచ్చుకుంటాం. నెల తిరక్కుండా మళ్ళీ అదే వరుసలో నిలబడతాం. దడ వెనక దిగులుందని మనం చెప్పం, వాళ్ళు అడగరు. జ్వరమొస్తే అరవంలో చెప్పుకోగలం. దిగులు మాత్రం అమ్మ నేర్పిన మాటల్లోనే వస్తుంది.

పైగా కీళ్పాక్కం మానసిక ఆసుపత్రి అంటే భయం! "నిన్ను కీళ్పాక్కం పంపాలి" అని నవ్వుతూ అనే మాటే ఎందరి నోళ్ళో కట్టేసింది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు 20 మంది పెద్దల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలైనవారే. వారిలో ఎక్కువమందికి వైద్యమే అందలేదు. ఇది పిచ్చి కాదు. మాటకూ మందుకూ లొంగే జబ్బు.

ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి:

1. రెండు వారాలుగా ఏ పనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా?
2. దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టుగా ఉంటోందా?

ఎక్కువ రోజులు ఏ ఒక్కటి అలా ఉన్నా, కారణం లేని భయం వదలకపోయినా డాక్టరుకు చెప్పండి. అరవంలో "మనసు సరియిల్లై, తూక్కం వరలై" (మనసు బాగాలేదు, నిద్ర రావడం లేదు) అన్నా చాలు. మందు రాసిస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే మానెయ్యకండి. తేలికపడినా డాక్టరునడగకుండా ఆపకండి.

మనం అడగవలసినవి:

• బీపీ, షుగర్ చూసే ప్రతిచోటా ఈ రెండు ప్రశ్నలు అడగాలి. 2021లో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' (జనం దగ్గరికే వైద్యం) పథకం కింద గడప దగ్గరికొచ్చే ఉద్యోగులూ అడగాలి.
• పెరంబూరు, వ్యాసర్పాడి లాంటి తెలుగు పేటల్లో తెలుగు వచ్చిన సలహాదారు ఉండాలి.
• మందులు అక్కడే, కొరత లేకుండా ఇవ్వాలి.

కుదరదంటారా? గోవాలో డాక్టర్లు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. సర్కారు కేంద్రాలకు వచ్చిన రోగుల్లో కోలుకున్నవారు పెరిగారని 2010లో తేలింది. గోవాలో అయినది ఇక్కడ కాదా? సర్కారు ఆసుపత్రిలో మనసుకు వైద్యం పొందడం 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు. దయ కాదు!

కార్పొరేషన్ 200 వార్డుల్లో మీది ఏదైనా సరే, ఈ మూడు కోరికలూ రాసి, వీధంతా సంతకాలు పెట్టి మీ కౌన్సిలర్ చేతికివ్వండి.

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా వెంటనే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్: రాత్రీ పగలూ, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అలాంటి మాట అన్నవారిని ఒంటరిగా వదలకండి.

ఈ కాగితం పారెయ్యకండి. మీ వీధిలో ఈమధ్య మాట తగ్గించిన మనిషి ఒకరుంటారు. వెళ్ళి పక్కన కూర్చుని చదివి వినిపించండి.

ఇట్లు,
మీ వీధివాళ్ళం