పెండ్లిచిత్రములు – ఫ్లాషు ఆలస్యము

జీలకఱ్ఱ బెల్లము పెట్టు క్షణము మరల రాదు. సరిగా అప్పుడే ఫ్లాషు వెలుగక చిత్రము చీకటియగుట మా వింజమూరు పెండ్లిండ్లలో మేము పలుమాఱులు చూచితిమి. పిల్లను అత్తవారింటికి పంపిన తల్లికి మిగులునది ఆ చిత్రమే గదా!

ఫ్లాషులోని కెపాసిటరు బ్యాటరీలనుండి విద్యుత్తును కూర్చుకొని ఒక్కమాఱుగ విడుచును. మరల నిండువఱకు ఆగవలసినదే. 1.5 వోల్టుల ఆల్కలైను బ్యాటరీలకంటె 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు దానిని త్వరగా నింపును. అంకెను జూచి మోసపోరాదు. వానిలోపలి నిరోధము స్వల్పమగుటచే విద్యుత్తు ధారాళముగ వచ్చును. పాతవానిని క్రొత్తవానితో కలుపరాదు.

కెమెరా ఐ.ఎస్.ఓ.ను 400 నుండి 1600కు పెంచినచో నాలుగవవంతు వెలుగే చాలును, కెపాసిటరు పూర్తిగ ఖాళీకాదు. చిత్రము కొంత గరుకగును గాని, చీకటికంటె మేలు. తలంబ్రాలవేళ ఎడతెగక వెలిగించినచో ఫ్లాషు వేడెక్కును. ముహూర్తమునకు ముందే బ్యాటరీలు మార్చుమని ఛాయాచిత్రకారునితో చెప్పుడు.