మాంత్రిక గాథల్లో అర్ధరాత్రి

మాయలూ మహిమలూ నిండిన కల్పిత గాథలు ఏ భాషవైనా సరే, వాటిలో పగటి కంటే రాత్రికే ప్రాధాన్యం అధికం. రాత్రిలోనూ గడియారం పన్నెండు కొట్టే ఘడియకు మరీ అధికం. ఇలాంటి పుస్తకాలను పిల్లల చేతుల్లో చూసి కలవరపడే తల్లులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు: "మౌలానా సాబ్, ఇవి చదివినప్పటి నుంచి మావాడు రాత్రి మంచినీళ్ళకు కూడా ఒంటరిగా లేవడం లేదు. పుస్తకాలు లాగేసుకోమంటారా?" చేతబడి నిషిద్ధమన్న విషయం మన ఇళ్ళలో తెలియనివారు లేరు. కనుక దాని జోలికి పోకుండా, కథల్లో ఆ ఘడియ నిజంగా చేస్తున్న పని ఏమిటో పరిశీలిద్దాం.

అందరికీ తెలిసిన సిండ్రెల్లా కథనే తీసుకోండి. ఫ్రాన్సు దేశపు షార్ల్ పెరో దీనిని 1697లో ప్రచురించాడు. పరీ ఒకతె గుమ్మడికాయను బండిగానూ, చిట్టెలుకలను గుర్రాలుగానూ మార్చి అమ్మాయిని రాజభవనపు విందుకు పంపుతుంది. అర్ధరాత్రి దాటితే అంతా మునుపటిలా అయిపోతుందని షరతు విధిస్తుంది. మొదటి రాత్రి పన్నెండుకు పావుగంట ముందు మోగిన గంట విని అమ్మాయి తిరిగి వచ్చేస్తుంది. మరుసటి రాత్రి ఆదమరచి, పన్నెండింటి తొలి గంట చెవిన పడగానే పరుగు తీస్తుంది. గమనించారా? ఇక్కడ అర్ధరాత్రి మాయ మొదలయ్యే వేళ కాదు, ముగిసే వేళ. ఇదే కథను జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1819 నాటి కూర్పులో ప్రచురించినప్పుడు అందులో పన్నెండు గంటల షరతే లేదు. తల్లి సమాధిపై మొలిచిన చెట్టు, దానిపై వాలే పక్షి ఆమెకు దుస్తులిస్తాయి. ఎవరూ గడువు పెట్టకుండానే ఆమె ఇంటికి మరలుతుంది. అంటే ఆ ఘడియలో ఏ శక్తీ లేదు. వినేవారి గుండె వేగంగా కొట్టుకోవాలని కథకుడు దానిని అక్కడ నిలబెట్టాడు, అంతే.

1997లో వెలువడిన హ్యారీ పోటర్ మొదటి పుస్తకంలో ఇదే ఘడియ తలుపుగా మారింది. అనాథ బాలునికి పదకొండేళ్ళు నిండే క్షణంలో, సముద్రం మధ్య రాతిగుట్టపై ఉన్న గుడిసె తలుపు దద్దరిల్లుతుంది. పిల్లలు భయపడేది ఈ చప్పుడుకే. అయితే ఆ వచ్చినవాడు పుట్టినరోజు కేకు తెచ్చాడు, తల్లిదండ్రుల గురించి ఆ బాలునికి ఇంతకాలం దాచిపెట్టిన నిజం చెప్పాడు. మూడో పుస్తకంలో పిల్లలిద్దరు మూడు గంటలు కాలంలో వెనక్కి వెళతారు. పన్నెండు కొట్టేలోగా తిరిగి రాకపోతే అంతా వ్యర్థం. మళ్ళీ గడువే!

మన సాహిత్యంలో ఈ హద్దు వేరు. 'అల్ఫ్ లైలా'లో కథను ఆపేది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజాము. వేకువ కాగానే షహ్రజాద్ మౌనం వహిస్తుంది, మిగిలిన కథ కోసం రాజు ఆమె ప్రాణానికి మరో రోజు గడువిస్తాడు. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 1883 నుంచి సంపుటాలుగా ప్రచురించిన ఉర్దూ దాస్తాన్ 'తిలిస్మె హోష్‌రుబా'లోనైతే చీకటి ఒక వేళ కాదు, ఒక ప్రాంతం. ఆ మాయా రాజ్యంలోని మూడు భాగాల్లో 'జుల్మాత్' ఒకటి. అంత గొప్ప తిలిస్మ్‌కూ దానిని ఛేదించే మార్గం తెలిపే 'లౌహ్' అనే పలక ఉండి తీరుతుంది. అంతులేని మాయను ఆ దాస్తాన్‌గోలు కూడా ఊహించలేదు.

పాశ్చాత్య కథకులకు పన్నెండే ఎందుకు కావలసి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. వారి తేదీ అక్కడే మారుతుంది. నిన్న పోయి నేడు ఇంకా రాని ఆ సన్నని సందులో ఏదైనా జరగవచ్చని చెబితే పాఠకుడు నమ్ముతాడు. మన లెక్కలో తేదీ మారేది మగ్రిబ్‌తో. గురువారం సూర్యుడు అస్తమించగానే జుమా రాత్రి మొదలవుతుంది. మన అర్ధరాత్రి కూడా పన్నెండింటికే రావాలని లేదు. సూర్యాస్తమయం 6 గంటలకు, ఫజ్ర్ 5 గంటలకు అయితే రాత్రి నిడివి 11 గంటలు, అందులో సగం 11:30కే పూర్తవుతుంది. ఋతువును బట్టి ఇది జరుగుతూ ఉంటుంది. ఈ లెక్కను మేము మద్రసా వసతి గృహంలోని పిల్లలచేత చేయించినప్పుడు, పన్నెండంటే హడలిపోయే కుర్రవాడొకడు కాసేపు ఆలోచించి, "ఉస్తాద్, అయితే ఆ దయ్యాలు ఎవరి గడియారం చూసుకుని వస్తాయి?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది, వాడూ నవ్వాడు.

అన్ని పుస్తకాలూ ఒకటేనని మేము అనడం లేదు. భయపెట్టడమే పనిగా రాసినవాటిని, తంత్రాలు నిజమని నమ్మించేవాటిని పసివారికి దూరంగా ఉంచాలి. చీకటి కీడు నుంచి శరణు కోరమని నేర్పిన దివ్య ఖుర్ఆనే రాత్రిని మనకు వస్త్రంగా వర్ణించింది. మొదటి మాటే నేర్చి రెండోది వినని పిల్లవాడు భయపడక ఏం చేస్తాడు?

ఇక చదివే వేళ. ఇషా తర్వాత కబుర్లను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇష్టపడేవారు కారు. మన దాదీమాలేమో పగలు కథ చెబితే బాటసారులు దారి తప్పుతారనేవారు. ఆ మాటకు ధర్మంలో ఆధారం లేదు. పిల్లలు ఇంటిపనులు ఎగ్గొట్టకుండా కనిపెట్టిన ఉపాయమై ఉంటుంది! సెలవు రోజున అస్ర్ తర్వాత ఓ గంట పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. ఇంగ్లీషు వచ్చిన పిల్లలైతే ఫిలిప్పా పియర్స్ 1958లో రాసిన 'టామ్స్ మిడ్‌నైట్ గార్డెన్'తో మొదలుపెట్టవచ్చు. అందులో పాత గడియారం రాత్రి పదమూడు గంటలు కొడుతుంది. తలుపు తీసి చూస్తే బయట ఒక తోట, అందులో ఆడుకోవడానికి తోడు వెతుక్కునే ఒక ఒంటరి అమ్మాయి ఉంటారు.